పొయ్యి కింద బావి

గిరిబాబు వాళ్ళు బావి మీద పొయ్యి పెట్టుకొని వండుకు తింటున్నారని పక్కింటి చెంగమ్మ అందట. అన్నది గిరిబాబుతో కాదు, అతని భార్య స్వర్ణలతతో అంతకన్నా కాదు. ఇల్లు కొనడానికి వచ్చి, చెప్పులు విప్పి గడప దాటబోతున్న పలమనేరు వాళ్ళతో అందట. ఆ మాట విన్న ఎదురింటి అంజమ్మ మూడు వారాలు దాన్ని కడుపులో పెట్టుకొని, ఇంక పెట్టుకోలేక, శుక్రవారం సాయంత్రం బస్సు దిగి కూతురితో నడిచివస్తున్న స్వర్ణలతను వీధి మొదట్లోనే నిలబెట్టి చెప్పేసింది. బావిలో ఎవరో పడి చచ్చారని కూడా అందా అని స్వర్ణలత అడిగింది. అంత మాట అనలేదుగానీ, అనకుండానే వాళ్ళకు అట్లా తోచేటట్టు నిట్టూర్చిందని అంజమ్మ చెప్పింది.

ఎవరూ పడి చావలేదు. బావి మాత్రం నిజం. గిరిబాబు నాయన చెంగల్రాయుడు కూలిపని చేసుకుంటూ పుంగనూరులో ఈ జాగా కొనేనాటికే అందులో పాత బావి ఒకటి ఉండేది. ఎవరు తవ్వించారో అడిగినా చెప్పేవాళ్ళు లేరు. కరువు ఏళ్ళలో అది ఎండిపోయింది. తర్వాత చెంగల్రాయుడు ఇంటికి వంటగది కలపబోతే వాస్తు చూసినాయన వచ్చి, ఆగ్నేయం మూల నిప్పుండాలి గానీ నీళ్ళుండకూడదని, బావి పూడ్చి సరిగ్గా దాని మీదే పొయ్యి పెట్టమని చెప్పి పోయాడు. పూడ్చడానికి చెంగల్రాయుడికి మనసు రాలేదు. వాస్తును కాదనే ధైర్యమూ లేదు. కుప్పం నుంచి నాలుగు గ్రానైట్ బండలు తెప్పించి బావి నోరు మూసి, సందుల్లో సిమెంటు పోసి, రెండు బండల మీద గట్టు కట్టి పొయ్యి పెట్టాడు. మిగిలిన రెండు బండల మీద ఇరవై రెండేళ్ళుగా బియ్యం డ్రమ్ము కూర్చొని ఉంది. ఆయన పోయాక గిరిబాబే ఆ సంగతి సగం మర్చిపోయాడు. చెంగమ్మ మర్చిపోలేదు.

స్వర్ణలత కుప్పం ప్రభుత్వ ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు. ఐదేళ్ళుగా అక్కడ ఒక గది బాడుగకు తీసుకొని, కూతురు నీలిమను అక్కడి బడిలోనే వేసి, శనివారం సాయంత్రం బస్సుకు పుంగనూరు వస్తుంది. సోమవారం తెల్లవారి ఐదున్నర బస్సుకు, నిద్రమత్తులో తూలే పిల్లను పట్టుకొని నడిపించుకుంటూ పోతుంది. మధ్యలో గిరిబాబు ఒక్కడే. అతనికి బస్టాండు దగ్గర మోటార్ వైండింగ్ షాపు ఉంది. కాలిపోయిన బోరు మోటార్లు విప్పి, మాడిన రాగితీగ పీకి, కొత్త తీగ చుడతాడు. ఆ పని కుప్పంలోనూ చేసుకోవచ్చని అతనే ఒప్పుకున్నాడు. ఈ ఇల్లు అమ్మి అక్కడ ఆసుపత్రి నర్సు రత్నమ్మ సిస్టర్ ఇల్లు కొనుక్కోవాలని, ముగ్గురూ ఒకచోట ఉండాలని ఇద్దరూ కలిసే అనుకున్నారు. రిటైరై కొడుకు దగ్గరికి పోతున్న రత్నమ్మ ఈ నెలాఖరు దాకా ఆగుతానంది. ఆ పైన ఇంకెవరికైనా ఇచ్చేస్తానంది. నెలాఖరుకు పదకొండు రోజులే ఉన్నాయి. నాలుగు పార్టీలు వచ్చి చూసి పోయాయి. ఐదోది ఆదివారం పొద్దున పది గంటలకు మదనపల్లె నుంచి వస్తోంది. అందుకే స్వర్ణలత ఈసారి సెలవు పెట్టి శుక్రవారమే దిగింది.

ఈ ఐదో పార్టీని తెస్తున్నవాడు బ్రోకర్ ముద్దుకృష్ణ. ఇల్లు పోయేదీ పోనిదీ మొదటి నాలుగు నిమిషాల్లోనే తేలిపోతుందని, తక్కినదంతా కాఫీలు తాగడమేనని అతని నమ్మకం. వారం ముందే వచ్చి ఇల్లంతా తిరిగి ఏది ఉండాలో ఏది ఉండకూడదో చెప్పి పోయాడు. చెంగల్రాయుడి పటానికి దండ ఉంటే ఈ ఇంట్లో ఎవరో పోయారని చూసేవాళ్ళకు తగులుతుందట. పటమే దించి బీరువాలో పెట్టారు. సాంబ్రాణి వద్దన్నాడు. వాళ్ళు వచ్చే వేళకు పొయ్యి మీద పాలు పెట్టి, రెండు ఏలక్కాయలు దంచి వేసి, సన్నసెగన కాగనివ్వమన్నాడు. ఆ వాసన తగిలితే మగవాళ్ళు గోడలు తట్టి చూడరట. గేటుకు ఆముదం పూయించాడు. ముందరి గదిలో మూడడుగుల అద్దం తగిలించమన్నాడు, గది పెద్దదిగా కనబడుతుందని. గిరిబాబు ఇంట్లో పోగేసిన పాత మోటార్లూ తీగచుట్టలూ అంజమ్మ వాళ్ళ కొట్టంలోకి పోయాయి. ఇంట్లో మీరు కాపురముంటున్నట్టు కనపడకూడదు, వాళ్ళు కాపురం చేయబోతున్నట్టు కనపడాలి అని ముద్దుకృష్ణ ఫోనులో స్వర్ణలతకు వివరంగా చెప్పాడు.

“మేం కాపురం ఉంటే కదప్పా కనపడేకి,” అంది స్వర్ణలత.

ముద్దుకృష్ణ అది హాస్యమనుకొని నవ్వాడు.

అన్నీ కుదిరాయి గానీ వంటింటి తూర్పు గోడ ఒక్కటి మాట వినలేదు. గిరిబాబు దానికి మూడుసార్లు రంగు వేశాడు. మూడుసార్లూ నాలుగో రోజుకు కింద నుంచి చెమ్మ పాకి, రంగు అప్పడంలా పొక్కి లేచింది. పైపు కారుతోందనుకొని పైపులన్నీ తడిమి చూశాడు. ఎక్కడా చుక్క లేదు. ఆ సాయంత్రం స్వర్ణలత సంచి కింద పెట్టకముందే ఆ గోడ చూసింది, అంజమ్మ చెప్పిన మాట భర్తకు చెప్పింది, చేతులు కడుక్కుంటూ తీర్మానమూ చేసేసింది.

“పూడ్సేద్దాం. రేపే.”

“నాయనే పూడ్సలేదు కదా,” అన్నాడు గిరిబాబు.

“మీ నాయన ఇల్లు అమ్మల్యా కదప్పా.”

మరునాడు ఎనిమిది గంటలకల్లా రామసముద్రం నుంచి వెంకటరమణప్ప ట్రాక్టర్ నిండా రాళ్ళూ ఇటుక తుక్కూ వేసుకొని, ఇద్దరు కూలీలతో వచ్చాడు. డెబ్బై దాటిన మనిషి. వయసులో ఉండగా తన నాయనతో కలిసి ఈ చుట్టుపక్కల బావులు తవ్వి రాతికట్టు కట్టినవాడు. బోర్లు వచ్చాక బావులు తవ్వించేవాళ్ళు లేక, ఇప్పుడు మరుగుదొడ్ల గుంతలు తవ్విస్తున్నాడు. ఆ మాట అతనే నవ్వుతూ చెప్పుకున్నాడు. తుక్కంతా గేటు ముందర కుప్ప పోయించి, డ్రమ్ము జరిపించి, సందుల్లోని సిమెంటు ఉలితో కొట్టించి, బండ కింద గడ్డపారలు దూర్చాడు. ఒక్క ఊపున ముగ్గురూ ఎత్తారు.

బండ జరగ్గానే చల్లటి గాలి లేచింది. ఫ్యాను గాలి కాదది, మబ్బు గాలి కాదు. మనిషి ఊపిరి తీసి వదిలినట్టు ఒక్క తడవ వచ్చి కాళ్ళకు తగిలి ఆగింది. తడిసిన రాతి వాసన వంటిల్లంతా నిండింది. నీలిమ తల్లి చీర పట్టుకుంది. లోపల ఏమీ కనపడలేదు. నల్లటి గుండ్రం, అంతే. గిరిబాబు సెల్‌ఫోను లైటు వేసి వంగాడు. ఆ వెలుతురు రెండు మూడు రాళ్ళ దాకా పోయి చచ్చిపోయింది.

వెంకటరమణప్ప ఇంట్లో అద్దం ఏమన్నా ఉందా అని అడిగాడు. ముందరి గదిలో ముద్దుకృష్ణ తగిలించమన్న అద్దం ఉంది. దాన్ని దించి పెరట్లోకి తీసుకుపోయి ఎండలో నిలబెట్టించి, కొంచెం వాల్చు, ఇంకొంచెం, ఆ అంతే అని కూలీకి చెప్పి తాను బావి దగ్గరికి వచ్చి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. తలుపు గుండా ఎండ పలక ఒకటి గోడ మీద పడి, జారి, నేల మీదికి దిగి, ఒక్కసారిగా బావిలోకి దూకింది.

అప్పుడు కనబడింది. రాళ్ళు వరసలు వరసలుగా దిగిపోతున్నాయి. ఒక్కొక్క వరస ఒక్కొక్క గాజులాగా గుండ్రంగా ఉంది. సున్నం లేదు, సిమెంటు లేదు. రాయికీ రాయికీ మధ్య గోరు దూరదు. ఇరవై రెండేళ్ళ చీకట్లో ఒక్క రాయి పక్కకు జరగలేదు. పై వరసలు బూడిదరంగు. కింద పచ్చదనం మొదలై, ఇంకా కిందికి లేత ఆకుపచ్చగా మారి, ఆ తర్వాత నీలంగా, ఎండ ఎంత లోతుకు పోతే అంత లోతుకు వరసలు కనబడుతూనే ఉన్నాయి. అడుగు మాత్రం కనబడలేదు.

“ఎండిపోయిన బావికి ఇంత లోతా?” అన్నాడు గిరిబాబు.

వెంకటరమణప్ప పక్కనున్న సిమెంటు పెళ్ళ ఒకటి తీసి లోపలికి వదిలాడు. అది ఎంతో దూరం పడుతుందని అందరూ చెవులు రిక్కించి ఉంటే, పన్నెండడుగుల్లోనే టుప్పున మోగింది. ఆ చప్పుడుతో పచ్చ వరసలన్నీ ఒక్కసారిగా వంకర్లు పోయాయి. అంతసేపూ వాళ్ళు రాళ్ళనుకొని చూసిందంతా నీళ్ళ గుండా చూశారు. నీళ్ళెక్కడ మొదలయ్యాయో కంటికి తెలియనంత తేటగా ఉన్నాయి. ఆ వెంటనే వంటింటి పైకప్పు మీద వెలుగు వలలాగా పరుచుకొని అల్లాడడం మొదలుపెట్టింది. పొక్కిన గోడ మీద, గట్టు మీద, స్టీలు గిన్నెల మీద, అందరి మొగాల మీద ఆ వల కదులుతోంది. పెరట్లో అద్దం పట్టుకున్న కూలీ లోపలేమైందని అరుస్తున్నాడు.

వెంకటరమణప్ప తలగుడ్డ తీసి భుజాన వేసుకున్నాడు. కాసేపటికి నీలిమను దగ్గరికి పిలిచి రాళ్ళ వైపు చూపించాడు. ఒక్కొక్క రాయీ ముందు సన్నంగా, వెనక వెడల్పుగా చెక్కి ఉంటుందట. వెనక మట్టి ఎంత గట్టిగా తోస్తే రాళ్ళు అంత బిగుసుకుంటాయట. తనూ తన నాయనా అట్లా కట్టడానికి చూసేవాళ్ళమని, పది వరసలకొకచోట ఎక్కడో ఒకచోట చిన్నరాయి ఇరికించక తప్పేది కాదని, ఇందులో ఎంత వెతికినా ఒక్క ఇరికింపు కనపడలేదని చెప్పాడు. తాడుకు రాయి కట్టి దించాడు. చేతులు చాపి కొలుచుకుంటూ ఆరు నిలువుల నీళ్ళని తేల్చాడు. రెండేళ్ళుగా వానలు పట్టి చెరువు నిండి మరవ పారింది కదా, ఊట తిరిగి ఉంటుందన్నాడు. గోడకు చెమ్మ ఎక్కింది ఎందుకో ఇప్పుడు తెలిసింది కదా అని నవ్వాడు.

గిరిబాబు చేంతాడు కట్టి బిందె దించాడు. పైకి లాగిన నీళ్ళు మొదట నీలిమ తాగింది. తర్వాత స్వర్ణలత దోసిలి పట్టింది. ఆసుపత్రిలో రోజుకు ఎన్నో సెలైన్ బాటిళ్ళు ముట్టుకునే మనిషి, ఒక్క గుక్క మింగి కళ్ళు మూసుకుంది. ఉప్పు లేదు, చప్పన లేదు. పళ్ళు జిల్లుమన్నాయి. ఇంత రుచిగల నీళ్ళ మీద నిలబడి ఇన్నాళ్ళూ బోరునీళ్ళతో పప్పు వండింది తాను. ఇంకొక దోసిలి పట్టింది.

తుక్కు ఎప్పుడు పోస్తారని తర్వాత ఆమే అడిగింది. అడగకుండా ఉండలేదు కదా.

“నీళ్ళుండే బావిలో నేను రాయెయ్యనమ్మా,” అన్నాడు వెంకటరమణప్ప. “ఇంకెవర్నన్నా పిల్సుకోండి. ఈ కట్టు కట్టినోడు ఎవుడో, ఆయప్ప సేతుల మీద మట్టి పోసినట్టుంటాది నాకు.”

కూలి ఇవ్వబోతే తీసుకోలేదు. వయసులో చూడాలనుకున్నది ఇప్పుడు చూశానని, దానికి తనే ఏమైనా ఇవ్వాలని చెప్పి ట్రాక్టర్ ఎక్కాడు. తుక్కు కుప్ప గేటు ముందర అట్లాగే ఉండిపోయింది.

మధ్యాహ్నానికి వీధంతా వచ్చింది. పిలిచినవాళ్ళు లేరు, వద్దన్నవాళ్ళు లేరు. వంటింటి గడప దగ్గర ఎవరికివాళ్ళు చెప్పులు విడిచారు. అంజమ్మ వంగి చూసి, లేచి, మళ్ళీ వంగి చూసింది. చెంగమ్మ అందరికన్నా చివర వచ్చింది. చేతిలో పసుపూ కుంకుమా రెండు చామంతులూ ఉన్నాయి. బండ అంచుకు పసుపు రాసి, బొట్టు పెట్టి, లోపలికి చూసింది. ఎంతసేపు చూసిందంటే, వెనకనున్నవాళ్ళు తమ వంతు కోసం దగ్గడం మొదలుపెట్టారు. తిరిగి పోయేటప్పుడు ఆమె ఒక్క మాట అనలేదు. చెంగమ్మ మాట అనకుండా ఒక ఇంట్లోంచి బయటికి పోవడం ఆ వీధి అప్పుడే చూసింది.

గిరిబాబు ఆ రోజు షాపు తెరవలేదు. రెండుసార్లు ఫోను మోగితే చూసి పక్కన పెట్టాడు. ఇరవై ఏళ్ళుగా అతని దగ్గరికి వచ్చే మోటార్లన్నీ వెయ్యి అడుగుల కింద, పన్నెండు వందల అడుగుల కింద నీళ్ళు లేక తిరిగి తిరిగి మాడిపోయినవే. వాటితోపాటు వచ్చే రైతుల మొగాలు చూసినవాడు. రాతిపిండి తప్ప చుక్క రాలేదని చెప్పి, అతని షాపు మెట్ల మీద కూర్చొని లేవలేకపోయిన మనుషులను చూసినవాడు. ఇప్పుడు తన ఇంట్లో, తను కాళ్ళు చాపుకొని అన్నం తినే చోటికి పన్నెండడుగుల కింద, ఆరు నిలువుల నీళ్ళు ఎవరినీ ఏమీ అడక్కుండా వచ్చి కూర్చున్నాయి. పొట్ట మీద పడుకొని, గడ్డం బండకు ఆనించి, లోపలికి చూస్తూ ఉండిపోయాడు. స్వర్ణలత సంగటి ముద్ద తెచ్చి పక్కన పెడితే తెలియలేదు. చల్లారిందని మళ్ళీ చెబితే తలెత్తకుండానే ఊ అన్నాడు. నెలాఖరు సంగతి ఆమె కదిపితే, అర గుర్రపుశక్తి మోటారు చాలు వీధికంతా నీళ్ళు ఇవ్వొచ్చు అన్నాడు.

ఆమె లేచి ముద్దుకృష్ణకు ఫోను చేసింది. ఆగ్నేయంలో నీళ్ళా అని అతను అక్కడ తల పట్టుకున్నాడు. బండ మూసేసి డ్రమ్ము పైన పెట్టండి, పది గంటలకు నేను వాళ్ళను ముందరి గదిలోనే కూర్చోబెట్టి మాటల్లో పెడతానని బతిమాలాడు.

“దాసిపెట్టి నాలుగు పార్టీలు పాయె,” అంది స్వర్ణలత. “ఈసారి సూపిచ్చి పోగొట్టుకుందాం లే.”

పోగొట్టుకోవడం ఆమె ఉద్దేశం కాదు. కొంగు బిగించి పనిలోకి దిగింది. రెండో బండ కూడా అంజమ్మ కొడుకుల చేత జరిపించి, బావి సగం నోరు పూర్తిగా తెరిపించింది. బండ అంచులు కొబ్బరి పీచుతో తోమింది. ఇత్తడి బిందె చింతపండు పెట్టి రుద్ది, కొత్త చేంతాడు కట్టి పక్కన పెట్టింది. అడ్డంగా ఒక ఇనుప జాలీ తెచ్చి వేయించింది. ఆదివారం పొద్దున తొమ్మిదికే పెరట్లో అద్దం అటూ ఇటూ జరిపి చూసి, పది గంటల ఎండకు అది ఎక్కడ నిలబడాలో సుద్దముక్కతో గీత గీసి, నీలిమను అక్కడ నిలబెట్టింది. నాలుగు నిమిషాల్లో తేలిపోతుందని ముద్దుకృష్ణ అన్నాడు కదా. ఆమె దానికి ఒక నిమిషం చాలనుకుంది. గిరిబాబు అప్పుడు కూడా బావి పక్కనే ఉన్నాడు. జరగమంటే జరిగాడు, మళ్ళీ వచ్చి అక్కడే కూర్చున్నాడు.

పదింటికి మదనపల్లె వాళ్ళు వచ్చారు. సాయికుమార్‌కు అక్కడ ఎరువుల షాపు ఉంది. భార్య టీచరు, పుంగనూరుకు బదిలీ అయింది. తుక్కు కుప్ప ఎక్కి దిగి గేట్లోకి వచ్చేసరికి సాయికుమార్ మొగం మాడింది. ముద్దుకృష్ణ ముందరి గదిలో కుర్చీలు వేసి, ఇంటి గాలీ వెలుతురూ మెచ్చుకోవడం మొదలుపెట్టాడు. టీచరమ్మ కూర్చోలేదు. వంటిల్లు ఎటువైపని అడిగింది. స్వర్ణలత ముందు నడిచింది. చెంగమ్మా అంజమ్మా పెరటి గుమ్మానికి ఒక పక్కగా అప్పటికే నిలబడి ఉన్నారు.

నీలిమ అద్దం వాల్చింది. ఎండ బావిలోకి దిగింది.

టీచరమ్మ ఇస్త్రీ చీరతోనే నేల మీద కూర్చుండిపోయింది. వెనక వచ్చిన సాయికుమార్ ఏమే ఏమైంది అని అడగబోయి, తనూ వంగి, ఆ వంగడం వంగడమే అట్లా ఆగిపోయాడు. స్వర్ణలత ఒక వేలితో నీళ్ళ చుక్క విదిలించింది. పైకప్పు మీద వెలుగు అల్లాడింది. ఆదివారానికి అది పాతబడిపోయి ఉండాలి. చూసినవాళ్ళకు కూడా పాతబడలేదు. చెంగమ్మ గుమ్మం పక్కనుంచే చేతులు జోడించింది. ముద్దుకృష్ణ ఇరవై ఇళ్ళు అమ్మిన మనిషి, తలుపు పట్టుకొని పైకి చూస్తూ నోరు మూసుకోవడం మర్చిపోయాడు.

కాసేపటికి సాయికుమార్ తేరుకొని వాస్తు చూసే ఆయనకు ఫోను కలిపాడు. ఆగ్నేయం అనే మాట పలికాడో లేదో, టీచరమ్మ చెయ్యి చాపి ఆ ఫోను తీసుకొని ఆపేసి ఒళ్ళో పెట్టుకుంది. మదనపల్లెలో ప్రతి ఎండాకాలం ట్యాంకరు కోసం బిందెలు వరసబెట్టి, అది వచ్చేదాకా బడికి కూడా పోకుండా కాచుకున్న కథ చెప్పింది. చెబుతున్నంతసేపూ చూపు నీళ్ళ మీది నుంచి తియ్యలేదు. చివరకు, ఇల్లు తాము తీసుకుంటామని, ఎప్పుడు ఖాళీ చేస్తారని స్వర్ణలతను అడిగింది.

ఈ వారంలోనే అని స్వర్ణలత నోరు తెరిచేలోపల గిరిబాబు అడ్డం వచ్చాడు. అతను లేవలేదు. బావి అంచున కూర్చునే, జాలీ మీద చెయ్యి పెట్టుకొని, నీళ్ళలోకి చూస్తూనే మాట్లాడాడు.

“అమ్మేది లేదు సార్. ఏమీ అనుకోవద్దండి.” తర్వాత భార్యతో అన్నాడు. “ఇన్ని నీళ్ళు ఇడిసిపెట్టి యాడికి పోతాం సొర్ణా? రత్నమ్మ ఇల్లు కాకపోతే ఇంకొగటి. నువ్వింకో రెండేండ్లు ఇట్లే వచ్చిపోతాండు. సూడు, సూస్తాంటే కడుపు నిండిపోతాండాది.”

స్వర్ణలత కొంగు దులుపుకొని నిలబడింది. గొంతు పెంచలేదు.

“ఐదేండ్లుగా వారం వారం బస్సు దిగి ఈ ఇంట్లోకి వస్తాండా. ఒక్కసారన్నా నన్ను ఇట్ల సూసినావా నువ్వు?”